అడుగుల అరిసెలు

గోదావరి జిల్లాల ఇళ్ళల్లో పసిబిడ్డ ఎదుగుదలను పిండివంటలతో లెక్కపెట్టేవారు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు. ఊరూరికీ కొంత తేడా ఉంది. గడప దాటినప్పుడు గారెలు వండే ఇళ్ళూ ఉన్నాయి. వండినవి వీధిలో అందరికీ పంచేవారు కనుక ఫలానా వాళ్ళ బిడ్డ ఎంతవరకు వచ్చిందో ఊరందరికీ తెలిసేది.

వీటిలో పెద్ద వేడుక అరిసెలదే. బియ్యం నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. బెల్లం ఉండపాకం వచ్చిన క్షణాన పిండి పోసి కలపాలి. నువ్వులద్ది, వేయించి, అరిసెల చెక్కలతో నొక్కి నూనె తీయాలి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. పాకం చూడడానికి చేయి తిరిగిన పెద్దావిడ ఒకరుండాలి. మా అత్తగారింట్లో తెల్ల పంచె మీద అరిసెలు వరసగా పరిచి, వాటి మీద బిడ్డ చేత అడుగులు వేయిస్తారు.

మా పాపకు కీళ్ళు మరీ వదులు, కండరాల్లో బిగువు తక్కువ. మెడ నిలపడం మొదలు అన్నీ ఆలస్యమే. మఠం వేసుకోలేక రెండు కాళ్ళూ చెరో పక్కకు, వెనక్కి మడిచి కూర్చునేది. పాకనే లేదు, కూర్చునే జరుగుతూ ఇల్లంతా తిరిగింది. ఆ రోజుల్లోనే ఈ పిండివంటల వరసను నేను శ్రద్ధగా గమనించాను. ఏ పని తర్వాత ఏ పనో అందులో ఉంది. ఎన్నో నెలకో మాత్రం ఎక్కడా లేదు.

నెలల లెక్క తర్వాత వచ్చింది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గెసెల్ 1911లో పిల్లల క్లినిక్ పెట్టి, తరవాతి ఏళ్ళలో పసివాళ్ళ కదలికలను సినిమా కెమెరాతో తీయించి, ఏ వయసుకు ఏం చేస్తారో పట్టికలు కట్టాడు. 1967లో డెన్వర్‌లో ఫ్రాంకెన్‌బర్గ్, డాడ్స్ అనే ఇద్దరు ఆసుపత్రుల్లో వాడుకునే పరీక్ష తయారుచేశారు. మన పక్కన కేరళలో రెండేళ్ళలోపు పిల్లల కోసం 17 అంశాలతో తిరువనంతపురం పట్టిక వచ్చింది. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల పిల్లల లెక్కలు ప్రకటించింది, అందులో మన దేశమూ ఉంది. ఆ లెక్కలో బిడ్డ సొంతంగా నడవడానికి 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా వ్యవధి ఉంది. నూటికి నలుగురు పిల్లలు అసలు మోకాళ్ళ మీద పాకనే లేదని కూడా ఉంది. పాకుండలు వండని మా ఇంటికి ఆ ఒక్క వాక్యం ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

కీళ్ళ వదులును కొలవడానికీ ఒక చరిత్ర ఉంది. 1973లో దక్షిణాఫ్రికాలో పీటర్ బైటన్, ఆయన తోటి పరిశోధకులు కలిసి 9 మార్కుల పరీక్ష ప్రకటించారు. చిటికెన వేళ్ళు, బొటన వేళ్ళు, మోచేతులు, మోకాళ్ళు, చివరికి వంగి అరచేతులు నేలకు ఆనించడం. పసిపిల్లలందరికీ కీళ్ళు కొంత వదులుగానే ఉంటాయి గనుక వాళ్ళ విషయంలో ఈ మార్కులొక్కటే చూసి తేల్చరు.

పాత ఆచారాలన్నీ మా పాపకు సరిపడలేదు. నీళ్ళు పోసే మనిషి కాళ్ళు చాపుకుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె పట్టించి, చేతులూ కాళ్ళూ ఎదురెదురుగా లాగి సాగదీయడం మన ఇళ్ళల్లో తరతరాలుగా ఉంది. నూనె పట్టించండి, సాగదీయవద్దు అంది ఫిజియోథెరపీ అమ్మాయి. రెక్క పట్టుకుని లేపడం కూడా వద్దంది, చంకల కింద చేతులు వేసి ఎత్తమంది. మూడు చక్రాల చెక్కబండిని మాత్రం మెచ్చుకుంది. వడ్రంగి చేసిన ఆ తోపుడు బండి తేలిగ్గా ముందుకు పరిగెడితే వదులు కీళ్ళ పిల్ల దాని వెంట పడిపోతుంది. అందుకని దాని మీద చిన్న బియ్యం మూట పెట్టించింది. బరువుకు బండి నిదానించింది, పాప దాన్ని నెట్టడం నేర్చుకుంది.

రెండేళ్ళు దాటాక అడుగులేసింది. అత్తగారు పాకం పట్టారు. "ఎప్పుడేస్తే అప్పుడే అరిసెలమ్మా" అన్నారు. వీధిలో ఎవరూ నెలలడగలేదు.

నాకు రెండూ కావాలి. నెలల పట్టిక లేకపోతే పాపకు సాయం మరీ ఆలస్యమయ్యేది. "మీ వంశంలో ఆలస్యంగానే నడుస్తారు" అనే ఓదార్పు ఎంతోమంది పిల్లల విలువైన కాలాన్ని తినేసింది. అరిసెలు లేకపోతే ప్రతి అడుగూ మాకు లోటు లెక్కగానే కనిపించేది.

ఆ సాయం అందించే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013లో మొదలైంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను చూస్తారు, ఎదుగుదలలో ఆలస్యం కూడా వాళ్ళు చూసేవాటిలో ఉంది. అంగన్‌వాడీలకు వైద్య బృందాలు వస్తాయి, అక్కడి నుంచి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. ఖర్చు లేదు. మీ ఇంట్లో బిడ్డ ఏడాదిన్నర నిండినా నడవకపోతే, ఎవరేమన్నా సరే, ఈ నెలలోనే తీసుకెళ్ళి చూపించండి.