సీను

‘నీకంత సీను లేదు’ అని తీసిపారేస్తాం. ఈ సీను సినిమా వాళ్లదనుకుంటాం కానీ, అంతకుముందు అది నాటకాల వాళ్లది. పద్యనాటకంలో సీనంటే కథలో ఘట్టమే కాదు, వెనక వేలాడే రంగుల గుడ్డ కూడా. అడవి సీను, వీధి సీను, దర్బారు సీను.

వీరేశలింగం, చిలకమర్తి నాటకాలు రాసిన గోదావరి సీమలో దర్జా అంతా దర్బారు సీనుదే. నడుమ సింహాసనం, అటూ ఇటూ లోపలికి పోయేకొద్దీ చిన్నవయ్యే స్తంభాలు. చదునైన గుడ్డ మీద అంత లోతు! ఈ కంటిమోసానికి పుట్టిల్లు ఇటలీ రంగస్థలం. 1711లో అచ్చయిన తన పుస్తకంలో అక్కడి రంగస్థల రూపశిల్పి ఫెర్డినాండో గల్లి బిబియేనా మండపాన్ని మూలవాటంగా తిప్పి గీసే పద్ధతి వివరించాడు. అలా గీస్తే స్తంభాల వరసలు రెండు పక్కలకూ సాగిపోతాయి, భవనం ఎక్కడ ముగుస్తుందో అంతు చిక్కదు. మన దర్బారు మాత్రం ఎదురుగానే నిలబడింది. రాజుగారు నడిమధ్యన కూర్చోవాలి కదా మరి!

ఇంగ్లీషు సీనుకు మూలం గ్రీకు ‘స్కేనే’. అంటే గుడారం, ఆ తర్వాత, నటులు వేషాలు మార్చుకునే పాక. మన ‘తెర’కేమో అల అనే అర్థమూ ఉంది. గోదారి పడవ తెరచాపలోనూ తెర అనే మాటే.