ఉచిత ఇంటర్నెట్ – నెట్ న్యూట్రాలిటీ: తెలుగు రాష్ట్రాల అనుభవం

ఫేస్‌బుక్ సంస్థ రూపొందించిన ఉచిత ఇంటర్నెట్ పథకం భారతదేశంలో 2015 ఫిబ్రవరి 10న రిలయన్స్ కమ్యూనికేషన్స్ భాగస్వామ్యంతో ఆరంభమైంది. తొలి విడతకు ఎంపికైన ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉండడం గమనార్హం. నాడు ప్రకాశం జిల్లాలోను, 2022 ఏప్రిల్ నుండి బాపట్ల జిల్లాలోను ఉన్న చేనేత కేంద్రం చీరాల – పేరాల కూడా ఈ సేవా పరిధిలోనికి వచ్చింది. పథకానికి తొలుత ఇంటర్నెట్.ఆర్గ్ అని పేరు. అదే ఏడాది సెప్టెంబరులో దానిని ఫ్రీ బేసిక్స్‌గా మార్చారు.

ఈ సేవను వినియోగించుకొనే చందాదారు డేటా రుసుము చెల్లించనవసరం ఉండేది కాదు. అయితే అతనికి యావత్ ఇంటర్నెట్ లభించేది కాదు. ఫేస్‌బుక్‌తో పాటు, ఆ సంస్థ నిర్ణయించిన సాంకేతిక నిబంధనలకు లోబడిన ముప్పైకి పైగా వెబ్‌సైట్లు మాత్రమే తొలుత అందుబాటులో ఉండేవి. వార్తలు, వాతావరణం, ఉద్యోగ సమాచారం వంటివి తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో లభించేవి. వీడియోలకు, ఇంటర్నెట్ ద్వారా చేసే ఫోన్ సంభాషణలకు చోటు ఉండేది కాదు. వినియోగదారుని అభ్యర్థన ఫేస్‌బుక్ సర్వర్ల మీదుగా సాగడం వలన అతడు ఏమి చూస్తున్నదీ ఆ సంస్థకు తెలిసే వీలుండేదన్న అభ్యంతరం కూడా వచ్చింది. పేరాలలోని ఒక చేనేత సహకార సంఘం తన చీరల అమ్మకానికి వెబ్‌సైటు తెరచినదనుకుంటే, జాబితాలో చేరనంత వరకు ఉచిత సేవపై ఆధారపడిన వినియోగదారుని దృష్టిలో ఆ సైటు లేనట్లే. వివాదానికి మూలం ఇదే.

టెలికాం సంస్థలు ఏ సమాచారాన్నీ అడ్డగించకుండా, మందగింపజేయకుండా, ప్రత్యేక ప్రాధాన్యం ఇవ్వకుండా సమానంగా చేరవేయాలన్న సూత్రమే నెట్ న్యూట్రాలిటీ. అమెరికా న్యాయ ఆచార్యుడు టిమ్ వూ 2003లో ప్రచురించిన పత్రంతో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. ఈ సూత్రానికి 2010లోనే చట్టరూపం ఇచ్చిన చిలీ దేశం, కొన్ని సామాజిక మాధ్యమాలను మాత్రమే ఉచితంగా అందించే పథకాలను 2014లో నిలిపివేయించింది.

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) 2015 మార్చి 27న విడుదల చేసిన సంప్రదింపు పత్రానికి పది లక్షలకు పైగా ఈ-మెయిళ్ళు అందాయి. భిన్న ధరల విధానంపై డిసెంబరు 9న మరో పత్రం వెలువడగా, ఫేస్‌బుక్ తన వినియోగదారుల చేత లక్షల సంఖ్యలో ఒకే మూస లేఖలు పంపించింది. అవి అడిగిన ప్రశ్నలకు సమాధానం ఇవ్వలేదని ట్రాయ్ అసంతృప్తి వ్యక్తం చేసింది. సంఖ్యాబలమే ప్రజాభిప్రాయం కాదని ఒక నియంత్రణ సంస్థ బహిరంగంగా చెప్పవలసి రావడం అరుదైన విషయమే.

తుదకు 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిబంధనావళి జారీ అయింది. ఏ సమాచారం చూస్తున్నారన్న దానిని బట్టి డేటాకు వేర్వేరు ధరలు వసూలు చేయరాదని, ఉల్లంఘించిన సంస్థకు రోజుకు రూ.50,000 చొప్పున గరిష్ఠంగా రూ.50 లక్షల జరిమానా ఉంటుందని అందులో పేర్కొన్నారు. అత్యవసర పరిస్థితులలో ఇచ్చే రాయితీలకు మినహాయింపు ఉంది. మూడు రోజులకే ఫేస్‌బుక్ భారతదేశంలో ఫ్రీ బేసిక్స్‌ను ఉపసంహరించుకుంది.

ఈ మధ్యలోనే వలసవాద ప్రస్తావన వచ్చింది. ఫేస్‌బుక్ డైరెక్టర్ల మండలి సభ్యుడు మార్క్ ఆండ్రీసెన్, వలసవాద వ్యతిరేకత భారత ప్రజలకు ఆర్థికంగా చేటు చేసిందన్న భావంతో ట్విట్టర్‌లో వ్యాఖ్యానించి, నిరసనలు వెల్లువెత్తగా క్షమాపణ చెప్పారు. మార్క్ జుకర్‌బర్గ్ ఆ వ్యాఖ్యతో విభేదించారు. 'డిజిటల్ వలసవాదం' అన్న పదబంధానికి అప్పటి నుండి పత్రికలలో ప్రచారం పెరిగింది.

పేరాల చరిత్ర తెలిసిన వారికి ఈ చర్చ కొత్తగా తోచదు. 1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా ప్రకటించినప్పుడు, పెరిగే పన్నుల భారం మోయలేమని ప్రజలు ప్రతిఘటించారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో అత్యధికులు ఇళ్ళు విడిచి, పొలిమేర వెలుపల రామనగర్ పేరిట పాకలు వేసుకొని సుమారు పదకొండు నెలలు గడిపారు. దీపాలు, వీధులు, పారిశుద్ధ్యం వద్దని వారు అనలేదు. తమ సమ్మతి లేకుండా తమ మేలును ఇతరులు నిర్ణయించడమే వారికి అభ్యంతరమైంది. ఈ పోలికకు హద్దు లేకపోలేదు. పేరాలలో పన్ను విధించారు, ఫ్రీ బేసిక్స్‌లో పైసా అడగలేదు. పురపాలక సంఘాన్ని రుద్దింది ప్రభుత్వం. ఉచిత సేవను వద్దనుకొనే స్వేచ్ఛ చందాదారుకు ఉండేది.

ఏమీ లేని చోట కొంతైనా మేలు కదా అన్న వాదనను తేలికగా కొట్టివేయలేము. నిషేధం వలన కనెక్షన్ కొనలేని కుటుంబానికి కొత్తగా ఏదీ లభించలేదు. ఆ లోటును పూరించినవి వేరే పరిణామాలు. 2016 సెప్టెంబరులో రిలయన్స్ జియో రంగప్రవేశంతో మొబైల్ డేటా ధరలు వేగంగా పడిపోయాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యుత్ స్తంభాల మీదుగా ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేసి చేపట్టిన ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అప్పుడు ప్రకటించిన ప్రాథమిక ప్యాకేజీ నెలకు రూ.149. ఇంటర్నెట్, ఫోన్, టెలివిజన్ ప్రసారాలు ఒకే తీగపై, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇంటికి చేరేవి. ఇది ఉచితం కాదు. అయితే ఏ సైటు చూడాలో నిర్ణయించుకొనేది చందాదారే.

ట్రాయ్ 2017 నవంబరు 28న చేసిన సిఫారసులను కేంద్ర టెలికాం శాఖ 2018 జులైలో ఆమోదించి, లైసెన్సు షరతులలో చేర్చింది. దీనితో ధరల సమానత్వంతో పాటు సమాచార రవాణాలో సమానత్వం కూడా సర్వీసు సంస్థలకు విధిగా మారింది. 2023 జులైలో ట్రాయ్ మరో సంప్రదింపు పత్రం విడుదల చేసినప్పుడు, అత్యధిక డేటా రద్దీకి కారణమయ్యే పెద్ద వేదికలు నెట్‌వర్క్ వ్యయంలో వాటా భరించాలని టెలికాం ఆపరేటర్ల సంఘం కోరింది. 2015లో చందాదారు తరఫున సొమ్ము చెల్లించడానికి వేదికలు ముందుకు రాగా, ఈసారి ఆ సొమ్మును ఆపరేటర్లే అడిగారు.