దోమకాటునకు ఒక అణా

వైద్యపరిశోధనమున కర్తృత్వ మెవరికి చెందవలయును? రోగి సమ్మతి యన నేమి? ఈ రెండు ప్రశ్నలును వేరువేరుగా తోచును గాని, ఒక్క వ్రేళ్లనుండి పుట్టినవే. వీనిని విచారించుటకు మనము దూరదేశముల కేగ నక్కరలేదు. సికిందరాబాదు చాలును.

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అచ్చట ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరీక్షించి, చలిజ్వరపు క్రిమి జాడను కనుగొనెను. ఆ దోమ త్రాగిన రక్తము హుసేన్ ఖాన్ అను రోగిది. దోమ కొక అణా చొప్పున అతనికి ముట్టెను. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నందు రాస్ వ్యాసము వెలువడెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఈ కీర్తికై రాసునకును, ఇటలీ పండితుడగు గ్రాసీకిని నడచిన వాగ్యుద్ధము లోకవిదితము. రక్తమిచ్చినవానికి అందు తావెక్కడిది?

అట్లని హుసేన్ ఖాను గ్రంథకర్త యని మేము వాదింపము. మా శ్రీరంగాపూరు రంగనాయకస్వామి యాలయము వనపర్తి ప్రభువుల పేర ప్రసిద్ధము. రాళ్లు మోసినవారి పేరు లెవ్వ రెరుగుదురు? ఐనను మోసినవాడు స్థపతి కాడు. ఆలోచించి, వ్రాసి, వ్రాసినదానికి బాధ్యత వహించువాడే కర్త యని నేటి వైద్యపత్రికా సంపాదకుల నియమము. తక్కినవారికి కృతజ్ఞత చెల్లును. అదియు వారి యనుమతితోనే. రోగి పేరు వెల్లడించుటకును అతని సమ్మతియే కావలయును. పేరు దాచుటయు, పేరు చెప్పుటయు ఇచ్చినవాని యిష్టము.

కాగా అణా పుచ్చుకొనుట సమ్మతి యగునా? ఏమి జరుగుచున్నదో ఎరిగి, వలదనుటకు స్వేచ్ఛ కలిగి యిచ్చినదే సమ్మతి. 1947లో న్యూరెంబర్గు తీర్పును, 1964లో హెల్సింకీ ప్రకటనయు ఈ ధర్మమునే నిర్ణయించినవి.

ఇంత జరిగిన పిదప, 2009లో ఖమ్మముజిల్లాలో పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు నివారణకై టీకాలు వేసిరి. 2010 ఏప్రిలులో అవి నిలిపివేయబడెను. విచారణలో చూచిన 9,543 సమ్మతిపత్రములలో 2,763 వసతిగృహాధికారుల సంతకములు గలవి. మరణించిన బాలికల విషయమై టీకాకు సంబంధము కానరాలేదని విచారణసంఘ మనెను. కాని సమ్మతి ప్రశ్న దానితో తీరునది కాదు. ప్రధానోపాధ్యాయులును, వసతిగృహాధికారులును తలిదండ్రులకు మారుగా సంతకము చేయవలయునను ఆదేశము గర్హ్యమని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తేల్చిచెప్పెను.

ఈ మాట మా వృత్తివారి నందరిని తాకవలయును. అక్షరములు నేర్పుట మా పని. బిడ్డ దేహమును ధారపోయుట మా పని గాదు. వేలిముద్ర వేయు తల్లి యైనను, తన భాషలో చదివి వినిపించినచో, అడుగవలసిన ప్రశ్న అడుగగలదు. ఆమె "వల్లకా" దన్నచో దానిని మన్నింపవలయును. ఉపాధ్యాయుడు కలము పట్టవలసినది ఆమెకు చదివి చెప్పుటకే గాని, ఆమెకు బదులు వ్రాయుటకు గాదు.