అండమాను బాటలలో ఇరుసు కథ

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతము” అను సామెత మనలో ఎరుగనివారుండరు. ఆముదములో కాల్చిన గడ్డి మసి కలిపి ఇరుసునకు పూయుట మన పల్లెలలో చిరకాలముగా నున్న ఆచారము. ఆ కందెన కారిపోవునని ఎవరును చింతింపలేదు. కారుట దాని స్వభావము, మరల పూయుట బండివాని పని. మోటారు వాహనముతో సమస్య రూపు మారినది. ఇరుసు గొట్టములో చమురు నింపి మూయవలెను. లోపల తిరుగు కడ్డీ చక్రము వరకు రావలెను గాని, చమురు బ్రేకుల వరకు రాగూడదు. ఈ రెంటికిని నడుమ నిలుచునది చేతిలో ఇముడునంతటి వలయము. దానినే మేస్త్రీలు ఆయిల్ సీలు అందురు.

తొలినాళ్లలో అది ఒత్తి గట్టిపరచిన ఉన్ని పట్టీ, పిదప తోలు. జర్మనీలో తోళ్లు పదును చేయుటతో జీవితమారంభించిన ఫ్రాయిడెన్‌బెర్గ్ సంస్థలో, వాల్టర్ సిమ్మర్ పేరు మీదుగా, స్ప్రింగు బిగించిన తోలు సీలు 1930 ప్రాంతమున రూపొందినది. ఆ దశాబ్దములోనే తోలు స్థానమును కృత్రిమ రబ్బరు ఆక్రమింపసాగెను. యుద్ధకాలపు విల్లీస్ జీపులో రెండు తరములును కలిసి కాపురము చేసినవి: ముందు చక్రములు మలుగుచోట గోళము వంటి భాగమును ఉన్ని పట్టీ తుడుచుచుండును, లోపల చమురును సీలు ఆపును.

ఈ దీవుల అడవులలో బరువు మోయుటకు లారీకి ముందే ఏనుగు వచ్చెను. 1883లో చాథం రంపపు మిల్లు వెలసినది. అడవిలో దుంగలను లాగినవి ఏనుగులే. వానికి సీళ్లతో పని లేదు. 1942 మార్చి నుండి 1945 అక్టోబరు వరకు జపాను ఆక్రమణ సాగెను. స్వాతంత్ర్యానంతరము, 1949 మొదలు, తూర్పు బెంగాలు కాందిశీకులకు ఇచ్చట భూములిచ్చిరి. అడవి తొలగినకొలది బాటలు పెరిగినవి. తరువాతి దశాబ్దములలో పోర్ట్ బ్లెయిరు నుండి డిగ్లీపూరు వైపు ట్రంకు రోడ్డు వేసిరి. ఆ పోర్ట్ బ్లెయిరునకే 2024లో శ్రీ విజయపురమని పేరు మారినది. ఏటా ఇంచుమించు 3,000 మిల్లీమీటర్ల వాన, ఎర్రబురద, ఉప్పుగాలి. ఇనుమునకు ఇంతకు మించిన పరీక్ష ఏమున్నది?

అదే కాలమున జబల్పూరులో శక్తిమాన్ లారీలును, 1969 మొదలు 1999 వరకు జోంగాలును తయారైనవి. జోంగా అన ఏదో ఆఫ్రికా మాట కాబోలునని నేను చాలకాలము భ్రమపడితిని. జబల్పూరు ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అను మాటల తొలి అక్షరములట!

నాలుగు చక్రములకును బలమందు అటువంటి పాత బండి యొకటి నేను పనిచేసిన ఒక కార్యాలయమున నుండెను. ఆరు మాసములలో మూడవసారి సీళ్లు కావలెనని కాగితము రాగా, “కారణము తెలుపవలెను” అని వ్రాసి త్రిప్పి పంపితిని. శ్రీకాకుళము నుండి వచ్చి స్థిరపడిన మేస్త్రీ నన్ను షెడ్డునకు పిలిచెను.

“సీలు తప్పు కాదు బాబూ! దీనికి ఊపిరి ఆడటం లేదు” అనెను.

ఇరుసు పైభాగమున గాలి పోవుటకు చిన్న రంధ్రముండును. అది బురదతో పూడినది. బండి నడచి ఇరుసు వేడెక్కగా లోని గాలి వ్యాకోచించి చమురును సీలు మీదుగా బయటికి నెట్టుచుండెను. వేడి ఇరుసు వాగులో దిగి చల్లబడగానే లోపల శూన్యమేర్పడి అదే దారిని నీరు పీల్చుకొనుచుండెను. అతడు తీసి చూపిన చమురు పలుచని మజ్జిగవలె తెల్లబారి యున్నది.

దుంగలపై బండిని నిలిపి, కడ్డీ లాగి, హబ్బు విప్పి, కిరసనాయిలుతో కడిగెను. పాత సీలు ఒరసికొన్నచోట ఉక్కుపై గోరు తగులునంతటి గాడి పడినది. ఆ గాడి మీదనే క్రొత్త సీలును కూర్చుండబెట్టిన మరల కారును. అందుచే దానిని వెంట్రుకవాసి ప్రక్కకు జరిపి, పెదవికి చమురు రాచి, చదునైన చెక్కతో నెమ్మదిగా తట్టెను. బేరింగు వదులు లేకుండ నట్టు బిగించెను. హబ్బు ఊగిన ఎంత మంచి సీలైనను నిలువదు.

పిమ్మట బ్రేకు పట్టీలు చూపెను. ఒక వైపువి చమురు త్రాగి నల్లగా మెరయుచున్నవి. వర్షములో దిగుడు బాటలపై డ్రైవరు ఆ బ్రేకులనే నమ్ముకొని పండ్రెండు దినములు నడిపినాడు. నేను కారణమడిగి కాగితము త్రిప్పి పంపినది మొదలు ఆనాటికి పండ్రెండు దినములు! నాకు మాట రాలేదు.

మరునాడే సీళ్లకును, బ్రేకు పట్టీలకును సంతకము చేసితిని. మేస్త్రీ మాత్రము వాని కొరకు వేచియుండక, ఆ రంధ్రమునకు మూరెడు రబ్బరు గొట్టము తగిలించి, వాగునీరు అందనంత ఎత్తున చట్రమునకు కట్టెను. ఆ గొట్టము వెల ఏ కాగితములోను చేరలేదు.