విషయసూచన, వాక్యస్పష్టత: చేబ్రోలు శాసనం నుంచి ఈ-మెయిల్ దాకా

సాహిత్యచరిత్రలో వ్యవహార రచనకు దక్కిన చోటు స్వల్పం. దానపత్రం, అర్జీ, ఉత్తర్వు, నేటి ఈ-మెయిల్ ఈ రచనలోని వేర్వేరు రూపాలు. చదివినవారు విషయాన్ని సందేహం లేకుండా గ్రహించడమే వీటన్నిటి ప్రయోజనం.

చేబ్రోలు భీమేశ్వరాలయం వద్ద లభించి 2019లో వెలుగులోకి వచ్చిన శాతవాహన విజయుని సంస్కృత శాసనం ఇందుకు ప్రాచీన నిదర్శనం. క్రీ.శ. 207 నాటిదిగా నిర్ణయించిన ఈ శాసనంలో రాజు పేరు, పాలనా సంవత్సరం, తాంబ్రాపె అన్న స్థలనామం, కార్తీకుడనే కర్త, అతడు కట్టించిన ప్రాసాద మండపాలు పేర్కొనబడ్డాయి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేశారన్న నాలుగు ప్రశ్నలకూ ఇందులో సమాధానం ఉంది.

పంతొమ్మిదవ శతాబ్ది మధ్యలో సి.పి. బ్రౌన్ ప్రకటించిన తెలుగు రీడర్‌లో సొంత ఉత్తరాలతోపాటు వ్యాపార, పోలీసు, రెవెన్యూ లేఖలకూ చోటు దక్కింది. భాషాభ్యాసానికి కావ్యంతోపాటు కచేరీ కాగితం కూడా పనికివస్తుందని ఈ కూర్పు సూచిస్తుంది. 1832-33 నాటి గుంటూరు క్షామాన్ని ఆయన అధికారపత్రాల్లో ‘కొరత’ అనక ‘కరువు’ అన్నాడని జీవితచరిత్రలు చెబుతాయి. విషయానికి పెట్టే పేరు సహాయం అందడాన్నీ అందకపోవడాన్నీ ప్రభావితం చేయగలదు.

1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. కార్యాలయాలకు తెలుగు వచ్చినా ఆంగ్ల వాక్యపు నీడ తొలగలేదు. “విచారణ జరిపి ఉత్తర్వు జారీ చేయబడును” వంటి వాక్యాల్లో రెండు దోషాలున్నాయి. క్త్వార్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒక్కటే కావాలన్న నియమం ఇక్కడ భంగపడింది. ‘బడు’ ప్రయోగం బాధ్యుణ్ణి మరుగుపరచింది. “తహసీల్దారు విచారణ జరిపి ఉత్తర్వు జారీ చేస్తారు” అన్నప్పుడు అర్జీదారుకు ఎవరిని అడగాలో తెలుస్తుంది.

విరామచిహ్నాల విషయమూ ఇటువంటిదే. “నిన్న వచ్చిన రైతు అర్జీ” అన్నప్పుడు నిన్న వచ్చింది రైతా, అర్జీయా? ‘వచ్చిన’ తరువాత కామా పెడితే సందేహం కొంత తీరుతుంది. “రైతు అర్జీ నిన్న వచ్చింది” అంటే పూర్తిగా తీరుతుంది. పదక్రమం చేయగల పనిని చిహ్నానికి అప్పగించనవసరం లేదు.

తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. పొడవైన లేఖలో కోరిక ఏమిటో ఆఖరి పంక్తి దాకా తెలియకపోవచ్చు. కార్యాలయ లేఖల్లోని ‘విషయము’ అనే పంక్తి ఈ లోటును పూరిస్తుంది. ఈ-మెయిల్ శీర్షిక దాని కొత్త రూపమే. “మీ దృష్టికి” అన్న శీర్షిక ఏమీ చెప్పదు. “కోనేటి మెట్ల మరమ్మతు: అంచనాకు ఆమోదం కోరుట” అన్నది స్థలాన్నీ పనినీ కోరికనూ ఒక్కచోట చెబుతుంది.

కాబట్టి వ్యవహార రచనను మెరుగుపరచడమంటే ఆంగ్ల నమూనాలను అనువదించుకోవడం కాదు. కర్తను చెప్పడం, పదక్రమాన్ని సరిచూడడం, విషయాన్ని ముందుంచడం అన్న మూడు పనులూ తెలుగు వ్యాకరణ పరిధిలోనివే. తెలుగు శాఖల పాఠ్యప్రణాళికలో శాసనంతోపాటు అర్జీకీ చోటు కల్పిస్తే ఆ వ్యాకరణం సామాన్యుడి చేతికి అందుతుంది.