మూలనుంచిన మోటారు



మా భట్టిప్రోలు పేరు చెప్పినంతనే చరిత్రజ్ఞులకు బౌద్ధస్తూపము జ్ఞప్తికి వచ్చును. 1892లో అలెగ్జాండరు రీ దొర ఆ దిబ్బను త్రవ్వించి మూడు రాతి కరండములను వెలికిఁ దీసెను. లోపల స్ఫటికపు భరిణ, ముత్యములు, బంగారు పువ్వులు చెక్కుచెదరక యుండెను. బుద్ధధాతువులను దాఁచుటకై కురుఁడును, వాని తల్లిదండ్రులును ఆ కరండమును, స్ఫటికపు పెట్టెను చేయించిరని దానిపై వ్రాఁత గలదు. రెండువేల యేండ్లు గడచినను బ్యూలరు పండితుఁడు ఆ యక్షరములను చదువఁగలిగెను. కాని స్తూపపు పైభాగము దక్కలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో దాని యిటుకలు బాటకును, పాలరాళ్లు కాలువపనులకును తరలిపోయెను. జాగ్రత్తపెట్టినది నిలిచెను, ఊరక విడిచినది పోయెను.

యంత్రములకును ఇదియే న్యాయము. 1939లో రెండవ ప్రపంచయుద్ధము మొదలయ్యెను. 1941లో మన దేశమున పెట్రోలునకు రేషను వచ్చెను. బస్సులు బొగ్గువాయువుతో నడచినవి. సొంత మోటారుకార్లు పెక్కులు కొట్టములఁ జేరినవి. అట్లు మూలఁబడిన యింజనునకు శత్రువు ముసలితనము కాదు, చెమ్మ. పెట్రోలు మండినప్పుడు ఇంచుమించు దానికి సరిపడు నీరు పుట్టును. ఇంజను బాగుగా వేఁడెక్కనిచో ఆ నీరు నూనెలోఁ గలిసి, ఆమ్లములతోఁ గూడి లోహమును తినును. సముద్రపుగాలి వీచు మన డెల్టాలో ఈ కీడు మఱింత యధికము.

కావున పాతబండిని దాఁచువారు మొదట ఇంజనును చక్కగా వేఁడెక్కించి, పాతనూనెను వేఁడిమీఁదనే దింపి, క్రొత్తనూనె పోసి, అది అంతటను ప్రాఁకునట్లు కొద్దిసేపు నడుపవలెను. పిమ్మట ట్యాంకులోని, కార్బురేటరులోని పెట్రోలును పూర్తిగాఁ దీసివేయవలెను. నిలువయున్న పెట్రోలు జిగురుకట్టును. నేఁటి పెట్రోలులోఁ గలియు ఇథనాలు చెమ్మను పీల్చును గనుక ఈ పని మఱింత ముఖ్యము. ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో చెంచాఁడు నూనె పోసి, హాండిలుతో నాలుగుచుట్లు త్రిప్పి, ప్లగ్గులను మరల బిగింపవలెను. రేడియేటరును తుప్పునాపు ద్రవము కలిపిన నీటితో నిండుగా నింపవలెను; సగము నీరు, సగము గాలి యున్నచోటనే తుప్పు త్వరగాఁ బట్టును. పొగగొట్టమును, గాలిద్వారమును నూనెగుడ్డతో మూయవలెను. లేనిచో ఎలుకలు కాపురముండును. బ్యాటరీని తీసివేసి, చక్రములు నేల నంటకుండ ఇరుసులక్రింద దిమ్మలు పెట్టవలెను.

కొందఱు ప్రేమకొలఁది వారమున కొకమాఱు అయిదునిమిషములు ఇంజను నడుపుదురు. అది మేలు కాదు. వేఁడెక్కకముందే ఆఁపుటచే లోపల నీరే మిగులును.

కడపటిమాట. చేసిన పనులన్నియు తేదీతో ఒక చీటిపై వ్రాసి హాండిలునకుఁ గట్టుఁడు. గుడ్డలు తీయక, నూనె చూడక మనుమఁడు తొందరపడి త్రిప్పినచో దాఁచిన ఫలమంతయు పోవును. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున 1912నాఁటి నిజాముగారి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ నేఁటికిని చూపరుల నలరించుచున్నది. మన కొట్టములలోని పాతకారు, పాత ఆయిలింజను అంత ఘనమైనవి కాకపోవచ్చును. అయినను అవియు మన తాతల కాలమునకు సాక్షులే. కురుఁడు కరండమును మూసి ఊరకుండలేదు. లోపల నేమున్నదో రాతిపై వ్రాయించెను. దాఁచువాని ధర్మము అంతటితోఁగాని తీఱదు.