పత్రికా విద్యకు తొలిమెట్టు

తెలుగు పత్రికల చరిత్రను పరికించినచో ఒక విశేషము గోచరించును. పేరుపొందిన మన పత్రికలును, పత్రికా సంపాదకులును పెక్కుమారులు తెలుగు నేలకు వెలుపలనే వర్ధిల్లిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగా జన్మించినది బొంబాయి నగరమున. 1914లో దినపత్రికగా వెలువడినది మద్రాసున. విజయనగరమున విద్యనభ్యసించిన సి. వై. చింతామణిగారు, 1909లో అలహాబాదునందు ఆరంభమైన లీడరు పత్రికను దీర్ఘకాలము నడపిరి. చీరాలలో జన్మించిన కోటంరాజు రామారావుగారు 1938లో లక్నోలో వెలసిన నేషనల్ హెరాల్డునకు మొదటి సంపాదకులైరి. వారి అన్నగారు పున్నయ్యగారు కరాచీలో సింధు అబ్జర్వరు పత్రికకు సంపాదకులుగా నుండిరి. పరభాషల నడుమ నివసించుచు, ఆ ప్రాంతపు ప్రజల మన్నన గడించుట మనవారికి క్రొత్త గాదు.

ఈ పెద్దలు పత్రికా రచనను ఎచ్చట నేర్చిరి? ఈ ప్రశ్న వట్టి చరిత్ర ప్రశ్న గాదు. మన హూడిలోను, చుట్టుప్రక్కల కృష్ణరాజపురము, మహదేవపురము, వైట్‌ఫీల్డులందును స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఇంజనీరింగు చదువు మామూలైపోయినది. ఏ బాలికయో, బాలుడో పత్రికా రచన చదివెదనన్నచో ఇంట కలవరము పుట్టుచున్నది. పేరున్న విద్యాలయమున చోటు దొరకక, మొదట చిన్న కళాశాలలో చేరి పిమ్మట విశ్వవిద్యాలయమునకు పోయెదనన్నచో ఆ కలవరము రెట్టింపగుచున్నది. అమెరికాలోని మన బంధువుల పిల్లలలోను కొందరు మొదటి రెండేండ్లు అచ్చటి కమ్యూనిటీ కాలేజీలో చదివి, పిదప విశ్వవిద్యాలయమునకు మారుచున్నారు. చుట్టములకు ఏమని చెప్పుదుమని తల్లిదండ్రులు సంకోచించుట మేమెరుగుదుము. ఆ సంకోచము అనవసరమని చరిత్రయే చెప్పుచున్నది.

అచ్చుకూటమే పాఠశాల

ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో పత్రికా రచన నేర్పు విద్యాలయములు మన దేశమున లేవనియే చెప్పవచ్చును. అచ్చుకూటమే తరగతి గది. క్రొత్తగా చేరినవాడు మొదట ప్రూఫులు దిద్దవలెను. కంపోజిటరు కూర్చిన పంక్తిలో ఒత్తు తప్పినను, సున్న జారినను కనిపెట్టుట నేర్వవలెను. పిమ్మట ఆంగ్లమున వచ్చు తంతివార్తలను గడియారము చూచుకొనుచు తెనిగింపవలెను. ఆపైన సభలకును, న్యాయస్థానములకును పోయి విన్నదానిని విన్నట్లు వ్రాయవలెను. సంపాదకీయము వ్రాయు అవకాశము చిట్టచివర లభించెడిది.

చింతామణిగారికి విశ్వవిద్యాలయ పట్టము లేదు. అయినను 1921లో సంయుక్త పరగణాలలో విద్యామంత్రి పదవి నలంకరించిరి. మన పొరుగున కోలారు జిల్లా ముళబాగిలులో 1887లో జన్మించిన డి. వి. గుండప్పగారు మెట్రిక్యులేషను దాటలేదు. అట్టివారు 1913లో బెంగళూరునుండి కర్ణాటక అను ఆంగ్ల పత్రికను వెలువరించిరి. 1945లో ప్రజా వ్యవహారముల అధ్యయనమునకై గోఖలే పేర ఒక సంస్థను నెలకొల్పిరి. 1961లో మైసూరు విశ్వవిద్యాలయము వారికి గౌరవ డాక్టరేటు నొసగెను.

మెట్రిక్యులేషనుతో చదువు ముగించి గుమాస్తా పనిలో జీవితము గడపిన మాబోటివారికి ఈ పేర్లు ఊరట గొలుపును. కాని ఊరట వేరు, మార్గదర్శనము వేరు. వారు పట్టము లేకయే పైకి వచ్చిరి గనుక నేటి పిల్లలకును పట్టము అక్కరలేదనుట సరిగాదు. ఆనాడు అచ్చుకూటపు వాకిలి తెరచియుండెను. నేడు ఉద్యోగపు వాకిట మొదట అడుగునది పట్టమునే. వారి చరిత్రనుండి మనము గ్రహింపవలసినది మరొకటి కలదు. వారందరును చిన్నచోట పని నేర్చి, పెద్దచోట దానిని వినియోగించిరి.

విశ్వవిద్యాలయమునకు చేరిన విధము

అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయమున 1908లో పత్రికా రచనకు ప్రత్యేక విద్యాలయ మేర్పడెను. దానిని మొదట నడపిన వాల్టర్ విలియమ్స్ చిన్నతనమున అచ్చుకూటమున పని నేర్చినవాడు. కళాశాల పట్టము లేనివాడు. విద్యాలయము తెరచిన దినముననే విద్యార్థులచే ఒక పత్రికను వెలువరింపజేసెను. పుస్తకమును, పనియు కలిసి నడువవలెనన్నది ఆయన పద్ధతి. 1931లో ఆయన ఆ విశ్వవిద్యాలయమునకే అధ్యక్షుడయ్యెను.

మన దేశమున 1920లో అనీబిసెంటుగారు అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయమున ఈ విద్యను ప్రవేశపెట్టిరి. 1938లో అలీగఢ్‌లో ఆరంభమైన తరగతులు రెండేండ్లకే నిలిచిపోయెను. 1941లో లాహోరున పంజాబు విశ్వవిద్యాలయము నెలకొల్పిన శాఖ, దేశ విభజనానంతరము ఢిల్లీకిని, 1962లో చండీగఢునకును తరలెను. 1947లో మద్రాసు విశ్వవిద్యాలయము ఈ విద్యను చేపట్టెను. 1951లో మైసూరు మహారాజా కళాశాలలో శాఖను నిలిపిన నాడిగ కృష్ణమూర్తిగారు మిస్సోరీలో చదివి వచ్చినవారు. 1954లో హైదరాబాదున ఉస్మానియా శాఖను ఆరంభించినవారు డి ఫారెస్ట్ ఓడెల్ అను అమెరికా పండితులు. ఇట్లు కన్నడిగులకును, తెలుగువారికిని ఈ విద్య దాదాపు ఒకే కాలమున, ఒకే దిక్కునుండి లభించినది. తరువాత తెలుగు దినపత్రికలును స్వంత శిక్షణాలయములను ఏర్పరచుకొనెను. ఈనాడు పాఠశాలకు ప్రిన్సిపాలుగా నుండిన భాషావేత్త బూదరాజు రాధాకృష్ణగారు ఎందరో యువకులకు తేట తెలుగు వ్రాయుట నేర్పిరి.

ఉస్మానియా శాఖ మొదట డిప్లొమా తరగతిగానే ఆరంభమై, క్రమముగా పట్టభద్ర, స్నాతకోత్తర తరగతులకు పెరిగినది. విశ్వవిద్యాలయ శాఖయే మెట్టు వెంబడి మెట్టెక్కినప్పుడు విద్యార్థి అట్లెక్కుట అవమానమెట్లగును?

రెండేండ్ల కళాశాల

1901లో అమెరికాలోని జోలియెట్ పట్టణమున ఆరుగురు విద్యార్థులతో ఒక చిన్న కళాశాల ఆరంభమయ్యెను. ఊరు విడిచి పోలేని పిల్లలు విశ్వవిద్యాలయపు మొదటి రెండేండ్ల చదువును స్వస్థలముననే పొందుట దాని ఉద్దేశము. చికాగో విశ్వవిద్యాలయాధ్యక్షుడగు విలియం రైనీ హార్పర్ దీనిని ప్రోత్సహించెను. 1947లో ట్రూమన్ అధ్యక్షుని విద్యా సంఘము వెలువరించిన నివేదికతో కమ్యూనిటీ కాలేజీ అను పేరు వ్యాప్తికి వచ్చెను. మన దేశమున 1995లో పాండిచేరిలో ఇట్టి కళాశాల వెలసినది. అంతకు ముందే, 1982లో, ఆంధ్రప్రదేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడి, బడి మానినవారికి చదువు వాకిలి తెరచినది.

ఈ మార్గము నడచు తీరును తల్లిదండ్రులు తెలిసికొనవలెను. మొదటి రెండేండ్లలో భాష, చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రము మొదలగు సాధారణ పాఠములుండును. వాటితో వార్తారచనకు ప్రవేశమును, కళాశాల పత్రికలో పనియు దొరకును. ఖర్చు తక్కువ, పిల్లవాడు ఇంటనుండియే పోయిరావచ్చును. పెద్ద విశ్వవిద్యాలయ పత్రికలో చోటుకై పోటీపడవలసిన విద్యార్థి, చిన్న కళాశాలలో మొదటి యేడే వార్త వ్రాయగలడు. పిదప విశ్వవిద్యాలయము పరిశోధన పద్ధతులను, పత్రికా న్యాయశాస్త్రమును, విశాల దృష్టిని ఇచ్చును.

అయితే ఒక హెచ్చరిక అవసరము. మొదటిచోట చదివిన ప్రతి పాఠమును రెండవచోట అంగీకరింపరు. అంగీకరింపనిచో చదివినదానినే మరల రుసుము చెల్లించి చదువవలెను. ఒక యేడు వృథా యగును. కావున చేరకముందే, పోదలచిన విశ్వవిద్యాలయము ఏ పాఠములను లెక్కకు తీసికొనునో వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. కచేరీలలో నోటిమాటకు విలువ లేదు, కాగితమునకే విలువ.

కర్ణాటకమున పేరు వేరైనను మార్గము ఇట్టిదే. రెండేండ్ల పి. యు. సి. పిమ్మట, బి. ఏ. తరగతిలో పత్రికా రచనను ఐచ్ఛిక విషయముగా తీసికొనవచ్చును, ఆపైన ఎం. ఏ. చదువుటకు విశ్వవిద్యాలయమునకు పోవచ్చును. 2023లో మెట్రో ఊదా మార్గము పూర్తి యైనది మొదలు, హూడిలో బండియెక్కి, నడుమ మారకయే, బెంగళూరు విశ్వవిద్యాలయము చెంతనున్న జ్ఞానభారతి స్టేషనులో దిగవచ్చును. 2017లో కోలారు కేంద్రముగా బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయమును ఏర్పడినది. దూరమను సాకు నేడు చెల్లదు.

మన పిల్లలే ఏల?

2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికలో చేరిన హూడి, అంతకు ముందు పల్లెగా నుండినది. పొలములు, చెరువులు పోయి కర్మాగారములును, కంప్యూటరు కార్యాలయములును వచ్చిన ఈ మార్పును తెలుగున వ్రాసినవారు అరుదు. కోలారు వైపునుండి తరతరములుగా వచ్చిన తెలుగువారును, నిన్నగాక మొన్న గుంటూరునుండియో, అనంతపురమునుండియో వచ్చినవారును ఇచ్చట కలసి నివసించుచున్నారు. వారి మాట, వారి పాట్లు ఎవరు వ్రాయవలెను? కన్నడము, తెలుగు, ఆంగ్లము మూడును వచ్చిన పిల్లలే వ్రాయగలరు. అట్టి పిల్లలు మన ఇండ్లలోనే యున్నారు.

లోపము ఒక్కటే. వారు తెలుగు మాటాడుదురు, చదువలేరు. ఏ కళాశాలయు ఆ లోపమును తీర్పదు, ఇల్లే తీర్పవలెను. దినమునకొక వార్తను పిల్లలచే బిగ్గరగా చదివించినచో ఏడాదిలో ఆ భయము తొలగును. మన సంఘమును ఒక పని చేయవచ్చును. వచ్చు సంచికకు ప్రూఫులు దిద్దు పనిని మనము పెద్దలమే చేసికొనక, పదునారేండ్లు దాటిన ఇద్దరు ముగ్గురు పిల్లల కప్పగింపవలెను. ఒత్తు తప్పినచోట గీత గీయుట నేర్చిన చేయి, రేపు వార్తను దిద్దును. తొలిమెట్టు చిన్నదైనను, దానిమీద కాలు పెట్టక పైమెట్టు చేరినవారు లేరు.